కుంగని మంచు

నూటపది సెంటీమీటర్లు. వరసగా తొమ్మిదో రోజు కూడా నూటపదే.

వాగ్దేవి గస్తీ గుడిసెలో స్టాండు మీది దుర్భిణి నుంచి కన్ను తీసి, చేతిరుమాలుతో అద్దం తుడిచి, మళ్ళీ చూసింది. పెద్దవాలు మీద పై నుంచి కిందికి పాతిన అయిదు పసుపుపచ్చ కర్రలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటి మీద నల్ల గీతలు, అంకెలు. మంచు ఏ గీత దాకా ఉంటే అంత లోతన్నమాట. మొదటి కర్ర నూటపది, రెండోది నూటపది, మూడోది నూటపదకొండు. పక్కనే కూర్చుని కంప్యూటర్లో అంకెలు ఎక్కిస్తున్న తమ్ముడు భానోజీ తల తిప్పకుండానే నవ్వాడు.

"ఏటక్కా, మళ్ళీ చూస్తన్నావు? పొద్దున్నుంచి ఇది మూడోసారి."

"చూడ్డానికే కదా నన్ను పెట్టుకున్నారు."

"చూశావు కదా మరి. అంకె మారిందా?"

"మారలేదు. అదే నా బాధ."

వాగ్దేవి సోన్‌ధార్ స్కీ కేంద్రంలో మంచు భద్రతాధికారి. గజపతినగరంలో పుట్టి, ఇరవై రెండో ఏడు వచ్చేదాకా మంచుని ఫ్రిజ్‌లో తప్ప చూడని మనిషి, పదహారేళ్ళుగా హిమాలయాల్లో మంచుకి నాడి చూస్తోంది. ఆమె సంతకం పడితేగాని ఇక్కడ సీజను తెరవరు. ఆమె పద్ధతి ఒకటే. పార పట్టుకుని వాలు మీదికి వెళ్ళి, నేల తగిలేదాకా నిలువునా గొయ్యి తవ్వి, ఆ గొయ్యి గోడలో పొరలు చూస్తుంది. ఏ పొర గట్టిగా ఉంది, ఏ పొర నూకల్లా జారిపోతోంది వేలితో నొక్కి చెప్పేస్తుంది. ఇన్నేళ్ళలో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం, పడిన మంచు పడినట్టు ఉండదని. కొత్త పరుపు లాగే నాలుగు రోజులకి కుంగుతుంది. ఇవాళ నూటపది ఉంటే ఎల్లుండికి నూరు, వారానికి తొంభై.

ఈ మంచు కుంగలేదు. అయితే ఇది లోకంలో లేని మంచైనా అయి ఉండాలి, లేదా అంకెల్లో ఏదో మాయైనా ఉండాలి. రెండో మాటే ఆమె మనసుకి చప్పున పట్టింది. కర్రలు పాతించినవాడు సొంత తమ్ముడు కావడమే దానికి కారణం.

పదో తరగతిలో భానోజీ సైన్సు ప్రదర్శనకని వర్షమాపకం చేశాడు. గరాటూ సీసా పెట్టి నెల్లాళ్ళు వాన కొలవాలి. అయ్యగారు క్రికెట్టులో పడి కొలవడం మరిచిపోయి, ఆఖరి రోజు చెంబుతో నీళ్ళు పోసి పట్టిక నింపేశాడు. ఊరంతా తుంపర పడిన రోజున వాడి సీసాలో కుంభవృష్టి. అప్పుడు మాష్టారికి చెప్పకుండా కడుపులో పెట్టుకున్న వాగ్దేవి, ఇరవయ్యేళ్ళయినా ఆ చెంబుని మరిచిపోలేదు. తోబుట్టువుల జ్ఞాపకశక్తి అలాంటిది.

*

నిజానికి ఇది లోకంలో లేని మంచే. అది భానోజీ తయారుచేసినది.

ఆకుల మీద గడ్డమంచు పట్టించే ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన పొడి అది. దానికి 'బీజం' అని పేరు పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట దాన్ని మొదటిసారి చూపించింది అక్కగారి వంటింట్లోనే. బయట ముసురు, లోపల పొయ్యి ఆరిపోయి ఆరు డిగ్రీలుంది. స్టీలు గ్లాసులో నీళ్ళు పోయించుకుని, ఉప్పు వేసినట్టు చిటికెడు పొడి వేశాడు. గ్లాసు ఠక్కుమంది. భానోజీ భార్య రోహిణి గ్లాసుని తలకిందులుగా పట్టుకుని అందరి మొహాలకేసీ ఊపింది. చుక్క కింద పడలేదు.

"మామూలు గడ్డ సున్నా దాటితే కరిగిపోతాది," అన్నాడు భానోజీ. "దీని లోపల పొడి అల్లుకుని పట్టుకుంటాది. ఏడు డిగ్రీల దాకా కదలదు."

ఆ గ్లాసు రెండు రోజులు బల్ల మీదే ఉంది. మూడో రోజు అందరూ దాన్ని చూసుకుని మురిసిపోతూ టీ తాగారు. వాగ్దేవి ఆ వారం ఎవరు కనబడితే వాళ్ళకి మా తమ్ముడు, మా తమ్ముడు అని చెప్పుకుంది.

మురిసిపోవడానికి కారణం ఉంది. సోన్‌ధార్‌లో చలికాలం ఏడాదికేడాదీ చిక్కిపోతోంది. ఒకప్పుడు డిసెంబరు మొదట్లో తెరిచే సీజను జనవరికి జారింది. పోయినేడు మొత్తం పంతొమ్మిది రోజులు. ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. ఈ ఏడు అదృష్టవశాత్తూ అక్టోబరు ఇరవైన ఒక పెద్ద మంచు పడింది. తడిమంచు, వారంలో కరిగిపోయే రకం. అది కరిగేలోగా భానోజీ ఆరు యంత్రాలు పెట్టి, బీజం కలిపిన నీటిని తుంపరగా చిమ్మి, దాని మీద మరో యాభై సెంటీమీటర్ల మంచు పరిచేశాడు. వాలు మధ్యలో, మూడో కర్ర పక్కన, ఒక వాగు గుంట ఉంది. అందులోకి గాలి నెట్టిన తడిమంచు అప్పటికే నిండింది, పైన బీజం మంచు పడి వాలంతా చదునైపోయింది. మేనేజరు పొంగిపోయి నవంబరు పదిహేనున ప్రారంభమని దేశమంతా చాటించాడు.

సోన్‌ధార్‌లో ప్రారంభానికి ఒక ఆనవాయితీ ఉంది. ఊరివాళ్ళు నలభైమంది స్కీ పలకలు కట్టుకుని, ఒకే పొడవాటి తాడు పట్టుకుని, పై నుంచి ఒక్క వరసలో జారుతారు. అంతవరకూ పెద్దవాలు మీద ఎవరూ అడుగు పెట్టరు. కన్నె మంచు మీద నలభై జతల గీతలు పడాలి. మామూలుగా సీజను ముందు వారమంతా మంచు పడుతుంది కాబట్టి వాగ్దేవి గొయ్యి తవ్వినా తెల్లారేసరికి పూడిపోయేది. ఈసారి ఆకాశం నిర్మలంగా ఉంది. తవ్వితే ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది.

"కావాలంటే గుడిసె పక్కన అంచులో తవ్వుకోండి మేడం," అన్నాడు మేనేజరు. "నడి వాలు మీద మాత్రం వద్దు. కెమెరాలు వస్తున్నాయి."

అంచులో తవ్వింది. అక్కడ కింద బండరాయి, గాలికి తడిమంచు నిలవని చోటు. బండ మీద నేరుగా బీజం మంచు, పార తిరగబడేంత గట్టిది. దాంతో మంచు మీద ఆమెకి అనుమానం పోయి, ఉన్న అనుమానమంతా కర్రల మీద పడింది. నేలలో పాతిన కర్రని పీకి మంచులో పాతితే మంచుతోపాటు కర్రా దిగుతుంది. అంకె ఎప్పటికీ మారదు. ఎంత సులువు! చెంబుడు నీళ్ళ కన్నా సులువు.

స్కీ గస్తీ పెద్ద దీవాన్ సింగ్ ఆ రోజుల్లోనే ఒక మాట చెప్పాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ వాలు మీద పడినవాళ్ళని మోసుకొచ్చిన మనిషి.

"మేడం, రోడ్డు కింద వాగు తూము ఇంకా మాట్లాడుతోంది. ఈపాటికి గడ్డకట్టి నోరు మూసుకోవాలి."

"అలాగా," అంది వాగ్దేవి. ఆమె అప్పుడు దుర్భిణిలో మొదటి కర్ర మొదలు చూస్తోంది. ఆ మాట చెవిన పడిందిగాని బుర్రకెక్కలేదు.

*

పదమూడో తారీఖు సాయంత్రం భానోజీ ఇంట్లో భోజనం. రోహిణి ముల్లంగి కూర ఆవపెట్టి చేసింది, ఇంగువ చారు కాచింది. తాడు పట్టుకునే నలభైమందిలో ఈసారి తనూ ఉంది. గుంటూరు పిల్ల మూడేళ్ళు పడీ లేచీ స్కీ నేర్చుకుని ఊరివాళ్ళ చేత ఔననిపించుకుంది. కొత్త ఎర్ర కోటు తెచ్చి వదినగారికి చూపించి, మళ్ళీ మడతపెట్టి, మళ్ళీ చూపించింది.

"తాడులో నాది నడిమి చోటు వదినా. సరిగ్గా మూడో కర్ర పక్క నుంచి దిగుతాను. మీరు దుర్భిణిలో చూస్తే నేనే కనబడతా."

భానోజీ చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. రోహిణి పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళింది. బల్ల చివర నీలం అట్ట పుస్తకం ఉంది. కర్రలు పాతిన నాటి కొలతలు అందులో రాసుకుంటాడని వాగ్దేవికి తెలుసు. తన వయసూ ఉద్యోగమూ మరిచిపోయి, చటుక్కున పుస్తకం లాక్కుని తెరిచింది.

మొదటి పేజీలో ఉసిరికాయ పచ్చడి. రెండో పేజీలో సున్నుండలు.

"అది నా వంటల పుస్తకం వదినా," అంది రోహిణి గుమ్మంలోంచి. పెరుగు గిన్నె చేతిలో అలాగే ఉంది. "ఆయనది ఆ కిటికీలో ఉంటుంది. అడిగితే ఇస్తారుగా. దొంగచాటుగా ఎందుకు?"

వాగ్దేవి మొహం కందగడ్డయింది. సిగ్గేసింది. కాని సిగ్గు కూడా అనుమానాన్ని చల్లార్చలేదు. పైగా, కిటికీలో అంత బాహాటంగా ఎందుకు పెట్టాడూ అనిపించింది. మనిషికి అనుమానం ముదిరితే దాచినదీ నేరమే, దాచనిదీ నేరమే.

రోహిణి మొగుడికి చెప్పిందో లేదో తెలియదు. మర్నాడు పొద్దున్న భానోజీ గుడిసెలోకి వచ్చినప్పుడు మాత్రం నవ్వు లేదు.

*

పధ్నాలుగో తారీఖు, పదింబావు. ప్రారంభానికి ఒక్కరోజే ఉంది. భానోజీ అనుమతి పత్రం తెచ్చి అక్క ముందు పెట్టాడు. కలం కూడా తీసిచ్చాడు.

"సంతకం పెట్టక్కా. మేనేజరు అడుగుతున్నాడు."

"పెట్టను."

"ఎందుకు?"

"నీ కర్రలు నేలలో ఉన్నాయో, మంచులో ఉన్నాయో నాకు తెలీదు."

దీవాన్ సింగ్‌కి తెలుగు రాదు. అయినా ఆ గొంతులు విని, చేస్తున్న తాళ్ళ ముడి ఆపేసి, బయటికి నడిచాడు.

భానోజీ కలం వెనక్కి తీసుకున్నాడు. "అంటే నేను దొంగనంటావు," అన్నాడు.

"నేనలాగ అన్లేదు."

"మరేటి అన్నావు? సిమెంటు వేయించి పాతేను ఒక్కొక్కదాన్నీ. జూలైలో నా చేతుల్తో. నా మంచు కుంగదక్కా. కుంగకూడదనే కదా రెండేళ్ళు చచ్చింది! వంటింట్లో గ్లాసు చూసి మా తమ్ముడు మా తమ్ముడు అని ఊరంతా తిరిగావే, ఆ మంచే ఇది. ఇంట్లో నమ్మీసి, కొండ మీద నమ్మవా?"

"అంకె పది రోజులు కదలకుండా ఉంటే ఎవరు నమ్ముతారు?"

"అయితే చూద్దువు గాని. వెళ్ళి ఊపి చూపిస్తాను. మంచులో పాతితే ఊగుతాది, సిమెంటులో పాతితే ఊగదు. కన్ను ఆ దుర్భిణికే అతికించుకుని చూడు."

రేడియో నడుముకి తగిలించుకుని తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. వాగ్దేవి ఆపలేదు. ఆపాలని తోచనైనా లేదు. ఆనవాయితీ పోతుందనో, మేనేజరు అరుస్తాడనో కూడా అనలేదు. దుర్భిణి దగ్గరికి వెళ్ళి కన్ను పెట్టింది. వీడు వెళ్ళేది ఊపడానికా, సర్దడానికా అన్నదొక్కటే ఆమె ఆలోచన.

వాలు పై అంచు నుంచి భానోజీ దిగాడు. మడమ కూడా మునగలేదు, అంత గట్టిగా ఉంది మంచు. మొదటి కర్రని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. భుజం ఆనించి తోశాడు. కర్ర కదల్లేదు.

"ఒకటి," అన్నాడు రేడియోలో. "రాసుకో."

రెండో కర్ర దగ్గర మరీ కక్షగా ఊపాడు. ఒంటి బరువంతా వేసి వేలాడాడు. వాగ్దేవి దుర్భిణి తిప్పి కర్ర మొదలు చూసింది. కర్ర చుట్టూ మంచులో ఒక్క బీట లేదు.

"రెండు. రాసుకో. ఇంకా మూడున్నాయి."

కర్రలు నేలలోనే ఉన్నాయి. తమ్ముడు అబద్ధం ఆడలేదు. అంకె నిజమే.

అంకె నిజమైతే మంచు నిజంగానే కుంగలేదు. పైన ఉన్నది బీజం మంచు, సరే, అది కుంగదు. మరి కింద ఉన్నదో? కింద ఉన్నది అక్టోబరు తడిమంచు. దాంట్లో బీజం లేదు. దాని కింద ఎండాకాలపు వేడి ఇంకా ఆరని నేల. అది కరగాలి. కరిగి ఉండాలి. అది కరిగి, పైది దిగకపోతే, మధ్యలో ఏముంది?

వాగ్దేవి రేడియో నొక్కింది. "దీవాన్‌జీ, తూములో నీళ్ళున్నాయా?"

"ఉన్నాయి మేడం," అన్నాడు దీవాన్ సింగ్ రోడ్డు మీది నుంచి. "జోరుగా వస్తున్నాయి. బురద నీళ్ళు. మొన్ననే చెప్పాను కదా."

అంతా కళ్ళకి కట్టినట్టు కనబడింది ఆమెకి. పెద్దవాలు వాలు కాదు, కప్పు. కింద ఖాళీ. మూడో కర్ర పక్కన వాగు గుంట మీద ఆ కప్పు కింద రెండు నిలువుల లోతు ఉంటుంది. రేపు నలభైమంది, ఒకే తాడు, ఒకే వరస.

ఆమె మళ్ళీ రేడియో నొక్కి, ఈసారి తమ్ముణ్ణి పిలిచేసరికి అతను రెండో కర్రకీ మూడో కర్రకీ మధ్య దూరం దాదాపు దాటేశాడు.

"భానూ! ఆగు. అడుగు వెయ్యకు. అక్కడే బోర్లా పడుకో. చేతులు చాపి పడుకో."

భానోజీ ఆగాడు. పడుకోలేదు. "ఇదేటి కొత్త నాటకం?"

"నాటకం కాదురా. నీ కింద మంచు లేదు. కరిగిపోయింది. పడుకో!"

"రెండు కర్రలూ కదల్లేదు. అది ఒప్పుకోలేక ఇది మొదలెట్టావా? సంతకం పెట్టకుండా ఉండడానికి ఇంకేటి చేస్తావక్కా?" దుర్భిణిలో అతని మొహం స్పష్టంగా కనబడుతోంది. ఇందాకటి దాకా తను అతన్ని ఎలా చూసిందో, అతను ఇప్పుడు గుడిసెకేసి అలాగే చూస్తున్నాడు. "ఒక్క మాట చెప్పు. నా అంకెలు నమ్మావా, నమ్మలేదా?"

"నమ్మాను. నీ అంకెలు నమ్మాను గనకే పడుకోమంటన్నాను!"

రేడియోలో ఊపిరి వినబడింది. భానోజీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అరచేతులు ఆనించాడు. నెమ్మదిగా బోర్లా పడుకుని చేతులు చాపాడు. వాగ్దేవి అమ్మయ్య అనుకునేలోగా మూడో కర్ర నిలువునా వణికింది. పెద్ద భోషాణం మూత పడ్డట్టు చప్పుడైంది. మూడో కర్ర నుంచి అయిదో కర్ర దాకా తెల్లటి వాలు ఒక్కసారిగా కూలిపోయింది. చదునుగా ఉన్నచోట నల్లటి గండి, అందులోంచి వాగు చప్పుడు. భానోజీ లేడు.

వాగ్దేవి పార పట్టుకుని పరిగెత్తింది. ఆ పార ఆ గడ్డలకి గోరంత కూడా పనికిరాలేదు. దీవాన్ సింగ్ మనుషులు గునపాలతో, రంపాలతో, తాళ్ళతో నలభై నిమిషాలు పనిచేశారు. మేజా బల్లంత మంచు పెంకు ఒకటి భానోజీ కుడికాలి మీద పడుంది. అది మామూలు మంచైతే వాగు నీటికి కాస్త కరిగేది. ఇది కరగలేదు.

పడుకోబట్టి పెంకుతోపాటు జారాడు, నిలబడి ఉంటే తలకిందులుగా బండల మీద పడేవాడన్నాడు దీవాన్ సింగ్. ఆ మాట వాగ్దేవికి ఓదార్పు కావాలి. కాలేదు.

ఆ సీజను తెరవలేదు. గండి పక్కన చెల్లాచెదరైన పెంకులు ఏప్రిల్లో గడ్డి మొలిచిన తర్వాత కూడా తెల్లగా పడి ఉన్నాయి. గొర్రెలు వాటి చుట్టూ తిరిగి వెళ్ళేవి.

*

కింది ఊరి ఆసుపత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. ఆరో రోజుకి భానోజీ లేచి కూర్చున్నాడు. రోహిణి కమలాలు ఒలుస్తోంది. వదినగారిని రమ్మందిగాని కుర్చీ చూపించలేదు. వాగ్దేవి మంచం పక్కన నిలబడే ఉంది.

"తప్పు నాదే," అన్నాడు భానోజీ. "పై మంచు గురించి రెండేళ్ళు ఆలోచించాను. కింద మంచు గురించి ఒక్కరోజు ఆలోచించలేదు. వంటింట్లో గ్లాసు కింద నేల లేదు కదా."

"నువ్వొక్కడివే కాదు. అంచులో గొయ్యి తవ్వి సరిపెట్టుకున్నాను నేను. దీవాన్ చెప్తే వినలేదు."

"అది సరే." అతను దిండు కింద నుంచి ఒక కాగితం తీశాడు. గుడిసెలో రేడియో మాటలన్నీ టైముతో సహా యంత్రంలో ఎక్కుతాయి. దీవాన్ సింగ్ చేత ఆ కాగితం తెప్పించుకున్నాడు. "నువ్వు తూము సంగతి అడిగింది పది నలభై ఒకటికి. అప్పటికి నేను రెండో కర్ర దగ్గరే ఉన్నాను. నన్ను ఆగమన్నది పది నలభై మూడుకి. నీళ్ళ మాట నేనూ విన్నాను, నాకేటీ తెలీలేదు. నీకు తెలిసింది. తెలిసి రెండు నిమిషాలు ఊరుకున్నావు."

రోహిణి చేతిలో కమలా ఆగిపోయింది.

"ఆ రెండు నిమిషాలూ ఏటి చేశావక్కా?"

వాగ్దేవి నోటి దాకా మూడు అబద్ధాలు వచ్చాయి. లెక్క కట్టుకుంటున్నాను. రేడియో మొరాయించింది. భయంతో చెయ్యి ఆడలేదు. మూడూ నమ్మదగ్గవే. మూడోది చెబితే రోహిణి కూడా కుర్చీ లాగేది.

"సంతోషించాను," అంది.

వాగ్దేవి మంచం కమ్మీ పట్టుకుంది.

"పది రోజులుగా ఏదో ఉందంటన్నాను. ఉంది. నేను ఒప్పే, నీదే తప్పు. అది తెలియగానే ఒళ్ళంతా పొంగిపోయింది. మేనేజరు మొహం ఎలా ఉంటాదో, నీ మొహం ఎలా ఉంటాదో అనుకుంటూ నిలబడిపోయాను. నువ్వు దాని మీద నడుస్తన్నావని ఆ తర్వాత గుర్తొచ్చింది."

రోహిణి కమలా పళ్ళెంలో పడేసి గదిలోంచి వెళ్ళిపోయింది. వాగ్దేవి ఏడవలేదు. ఏడిస్తే జాలి అడిగినట్టుంటుందని పళ్ళు బిగించి నిలబడింది. భానోజీ చాలాసేపు దుప్పటి కింద కాలు లేని చోటుకేసి చూశాడు. తర్వాత కాగితం నాలుగు మడతలు పెట్టి దిండు కింద దోపుకున్నాడు.

"ఇది నమ్ముతాను," అన్నాడు.